కిలో బట్టకి ఎన్ని నీళ్లు

బావగారు తెచ్చిన కాగితం రెండే పేజీలు. ఇస్త్రీ బల్ల మీదున్న దుప్పట్ల దొంతరని పక్కకి జరిపి, దాన్ని పరిచి, జేబులోంచి తన పెన్ను తీసి, మూత కూడా తనే విప్పి పెట్టాడాయన.

“సంతకం పెట్టేసెయ్ అమ్మాయ్. ఇవాళ్టితో పీడ విరగడైపోతుంది.”

ఆయన ఆమె అక్క మొగుడు. వృత్తికి ఆడిటరు. ఆమె లాండ్రీ లెక్కలు మొదటి రోజు నుంచీ ఆయన చేతి మీదుగానే వెళ్తున్నాయి. లాండ్రీ అంటే వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు కాదు. ఒక పెద్దాసుపత్రి, మూడు నర్సింగ్ హోముల బట్టలన్నీ అక్కడికే వస్తాయి. రోగుల దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు, పురిటి గది గుడ్డలు. పందొమ్మిదేళ్ల కిందట ఇంటి వెనక గదిలో నర్సుల యూనిఫారాలకి గంజి పెట్టి ఇవ్వడంతో మొదలుపెట్టింది. అప్పుడు పడ్డ పేరే గంజమ్మ. ఇప్పుడు గంజి పెట్టించుకునేవాళ్లే లేరు గానీ పేరు మాత్రం వదల్లేదు. మనిషి కూడా ఆ పేరుకి తగ్గట్టే ఓ పట్టాన వంగే రకం కాదు.

గంజమ్మ చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చి అప్పటికి నెల. అందులో ఉన్న ఆరోపణ చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేంత తేలిక. కిలో బట్ట ఉతకడానికి పదిహేను లీటర్ల నీళ్లు చాలు. మీ నీటి బిల్లుల ప్రకారం మూడేళ్లలో ఇన్ని నీళ్లు వాడారు. దాన్ని పదిహేనుతో భాగిస్తే ఇంత బట్ట ఉతికి ఉండాలి. మీరు చూపించింది అందులో సగం కూడా లేదు. కాబట్టి మిగతా సంపాదనంతా దాచారు. దాని మీద పన్ను, వడ్డీ, జరిమానా కట్టండి. ఆ మొత్తానికి మిషన్లూ, వ్యానూ, షెడ్డూ అన్నీ అమ్మినా కొంత బాకీ మిగులుతుంది.

“వాళ్లతో మాట్లాడి సగానికి దించాను. నా మొహం చూసి ఒప్పుకున్నారు,” అన్నాడు బావ.

గంజమ్మ రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగింది. ‘ఆదాయాన్ని ఉద్దేశపూర్వకంగా దాచినట్టు నేను అంగీకరిస్తున్నాను.’

“ఇదేంటి బావా?”

“అది మామూలే. అందరిచేతా రాయిస్తారు. ఎవరు చదువుతారు దాన్ని?”

“నేను చదివాను కదా.”

“నీతో ఇదే చిక్కు. అమ్మాయ్, అదే ఆఫీసులో నా ఫైళ్లు నలభై ఉన్నాయి. రేపు పొద్దున్న మళ్లీ వాళ్ల ముందే కూర్చోవాలి నేను. నువ్విలా బిగుసుకుపోతే వాళ్లు నా మొహమ్మీద తలుపేస్తారు.”

“నలభై మంది కోసం నన్ను దొంగని చేస్తావా?”

బావ ముఖం కందగడ్డ చేసుకున్నాడు. “ఎంత మాటన్నావ్!” అంటూ పెన్ను జేబులో పెట్టుకుని, మూత బల్ల మీదే మర్చిపోయి వెళ్లిపోయాడు. తలుపు దగ్గర నిలబడి అంతా విన్న ఆమె భర్త గొంతు సవరించుకున్నాడు. వ్యాను నడిపి ఆసుపత్రుల నుంచి మూటలు తెచ్చేది ఆయనే.

“సగానికి దించాడంటున్నాడుగా. ఓసారి ఆలోచించకూడదూ?”

“చెయ్యని తప్పుకి సగం శిక్ష వేయించుకోమంటారా ఏమండీ?” అంది గంజమ్మ. ఆయన వ్యాను తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

* * *

పన్ను కేసులు చూసే లాయరమ్మ ఆఫీసు ఒక టైర్ల కొట్టు మీది మేడలో ఉంది. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన. గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ పొడవునా ఫైళ్లు. లాయరమ్మకి నలభై దాటాయి. కళ్లజోడు తలమీదికి తోసుకుని, నోటీసు మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. గంజమ్మ, ఆమె భర్త ఎదురు కుర్చీల్లో కూర్చున్నారు.

“మీరు తూకం వేసి తీసుకుంటారా బట్టలు?”

“రెండుసార్లు మేడమ్. ఆసుపత్రి గేటు దగ్గర వాళ్లు తూచి రిజిస్టరులో రాస్తారు. మా దగ్గర మేం తూచి రాస్తాం.”

“ఆ గేటు రిజిస్టర్లు నోటీసిచ్చినవాళ్లు అడిగారా?”

“అడగలేదు. నేనే తీసుకెళ్లి చూపిస్తానంటే, అవసరం లేదన్నారు.”

లాయరమ్మ మొదటిసారి నవ్వింది. నోటీసు పక్కన పెట్టి, కళ్లజోడు కిందికి దించుకుంది.

“ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ మూడేళ్లలో బిల్లు లేకుండా ఒక్క కిలో బట్టయినా ఉతికారా? ఆలోచించుకుని చెప్పండి. కేసు మధ్యలో తెలిస్తే నేను లేచి బయటికి పోతాను.”

“ఒక్క చేతిరుమాలు కూడా ఉతకలేదు,” అంది గంజమ్మ తడుముకోకుండా.

పక్క కుర్చీలో ఆమె భర్త కదిలాడు. కుర్చీ కిర్రుమంది. లాయరమ్మ ఆయన వైపు తిరిగి ఏమీ అడక్కుండానే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆయన తల దించుకున్నాడు.

“ఫంక్షన్ హాలు వాళ్లవి కొన్ని... టేబుల్ గుడ్డలు, కుర్చీ తొడుగులు. పద్నాలుగు నెలలు. మేనేజరు బిల్లొద్దన్నాడు.”

గంజమ్మ కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. “ఎప్పుడుతికారు?” అంది.

“ఆదివారాలు. నువ్వు మీ అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు.”

“ఆ డబ్బేం చేశారు?”

ఆయన నోరు మూసుకునే పైపళ్ల వరసని వేలితో చూపించాడు. రెండేళ్ల కిందట పెట్టించుకున్న కట్టుడు పళ్లు. తెలిసిన డాక్టరు, పాత స్నేహితుడు, ఊరికే చేసిపెట్టాడని ఇంట్లో చెప్పాడు. గంజమ్మ ఆ స్నేహితుడికి రెండుసార్లు కబురు పెట్టి భోజనం కూడా పెట్టింది.

“నీ నెత్తిన ఇంకో ఖర్చు పెట్టడం ఇష్టం లేక...” అని నసిగాడు.

“ఆ స్నేహితుడు మరి?”

“డబ్బు తీసుకున్నాడు. భోజనం కూడా చేశాడు.”

లాయరమ్మ నవ్వాపుకోవడానికి కిటికీ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. “రెండు దార్లున్నాయి. ఇది దాచి, వాళ్లకి దొరకదని ఆశపడొచ్చు. లేదా మనమే ముందు రాసిచ్చేయొచ్చు. ఇంత ఉతికాం, బిల్లు లేదు, దీని పన్నూ జరిమానా కడతాం, మీరన్న మిగతాదంతా అబద్ధం అని. మొదటిదైతే ఆ కేసు నేను తీసుకోను.”

గంజమ్మ లేచి మెట్లు దిగింది. భర్త వెనకాలే దిగాడు. వ్యాను దగ్గరికి వచ్చాక కూడా తలుపు తీయలేదామె. మండుటెండలో రేకు మీద చెయ్యానించి నిలబడింది. ఆమెకి కోపం పళ్ల మీద కాదు. నెల రోజులుగా కనిపించిన ప్రతివాడితోనూ తల ఎగరేసి, ఒక్క పైసా తేడా ఉంటే చూపించమని సవాలు చేసింది. బావతో అంది. అక్కతో అంది. పనివాళ్లతో అంది. ఆ మాటల కింద ఈయన మౌనంగా నిలబడి ఉన్నాడు.

“తిట్టరాదూ,” అన్నాడాయన.

“తీరుబడిగా తిడతాను. ఇప్పుడు పైకి పదండి.”

మళ్లీ మెట్లెక్కి గుమ్మంలోంచే చెప్పింది. “రాయండి మేడమ్. మాది మేం కడతాం. మాది కానిది మాత్రం చచ్చినా కట్టం.”

* * *

బావకి ఈ సంగతి తెలిసి తల పట్టుకున్నాడని అక్క ఫోన్ చేసి చెప్పింది. “ఎవరైనా తమంతట తాము మెడ అందిస్తారుటే? ఆయన వారం నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదు,” అని ఏడ్చింది. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ల మధ్య ఫోన్లు కూడా ఆగిపోయాయి.

మొదటి అప్పీలు ఓడిపోయారు. అక్కడి అధికారి గేటు రిజిస్టర్ల కట్ట వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పైగా, దాచామని మీరే రాసిచ్చారు కదా, ఇంకేం మిగిలిందని అడిగాడు. పద్నాలుగు నెలల కుర్చీ తొడుగుల ఒప్పుకోలు మూడేళ్ల దొంగతనానికి సాక్ష్యమైపోయింది. ఆ వారంలోనే లాండ్రీ బ్యాంకు ఖాతా స్తంభింపజేశారు. ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే ముందు కొంత సొమ్ము కట్టాలి. గంజమ్మ కొత్తగా కొన్న ఆరబెట్టే మిషన్ అమ్మేసింది. అప్పటి నుంచి తడి దుప్పట్లన్నీ మోసుకెళ్లి డాబా మీద తీగలకి ఆరేయాల్సి వచ్చింది. సంగతి చెవిన పడ్డ రెండు నర్సింగ్ హోములు వేరే చోటు చూసుకున్నాయి. పెద్దాసుపత్రి మాత్రం మానలేదు. అది మంచితనం కాదు, ఆ బట్టలు ముట్టుకునేవాళ్లు మరొకరు దొరకలేదు.

లాండ్రీలో పనిచేసే తొమ్మిది మంది ఆడవాళ్లనీ గంజమ్మ మడత బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. తన మొగుడు చేసిన పని కూడా దాచకుండా చెప్పింది. ఆయన అక్కడే నిలబడి విన్నాడు. అది ఆయనకి వేసిన శిక్ష.

“జీతాలు ఆలస్యమవుతాయి. వెళ్లిపోతామనేవాళ్లని నేను తప్పు పట్టను.”

ఇద్దరు వెళ్లిపోయారు. మురికి మూటలు విప్పే పెద్దావిడ మాత్రం చేతులు నడుముకి పెట్టుకుని అడిగింది. “పదిహేను లీటర్లని రాసినాయన ఎవరమ్మా? ఆయన్ని ఒక్కరోజు నా పక్కన నిలబెట్టు. ఒక్క మూట విప్పిస్తే చాలు.”

గంజమ్మ ఆ మాటని లాయరమ్మ దగ్గరికి మోసుకెళ్లింది. లాయరమ్మ పెన్ను పక్కన పెట్టి, “ఇది నాకెందుకు తట్టలేదు?” అంది.

* * *

ట్రిబ్యునల్ గది పెద్దదేం కాదు. ఎత్తు బల్ల వెనక ఇద్దరు సభ్యులు. ఒకాయన అధ్యక్షుడు, వయసు మళ్లినవాడు. ఆయన పక్కన ఒకావిడ, ప్రతి మాటా రాసుకుంటోంది. లాయరమ్మ రిజిస్టర్లన్నీ ముందుంచి, మూడేళ్ల తూకాలు రెండు వైపులా ఒకటేనని అరగంట సేపు చూపించింది.

పన్నుల శాఖ తరఫు లాయరు తాపీగా లేచాడు. “ఇవన్నీ ఆసుపత్రి బట్టలు. కాదనడం లేదు. మిగిలిన నీళ్లతో ఇంకెవరి బట్టలుతికారన్నదే ప్రశ్న. కిలోకి నలభై లీటర్లంటున్నారు. అంటే ఒక దుప్పటిని ఎన్నిసార్లు ఉతికినట్టు? మా ఇంట్లో అయితే ఒక్కసారే ఉతుకుతారు. బాగానే తెల్లగా ఉంటుంది.”

వెనక బెంచీల్లో నవ్వులు. గంజమ్మ లేచి నిలబడింది. లాయరమ్మ చీర చెంగు పట్టుకుని లాగినా కూర్చోలేదు.

“మీ ఇంట్లో దుప్పటి మీద ఎవరూ పురుడు పోసుకోరు సార్.”

నవ్వులు ఆగిపోయాయి. శాఖ లాయరు అభ్యంతరం చెప్పబోయాడు. అధ్యక్షుడు చెయ్యెత్తి ఆయన్ని ఆపి, “చెప్పమ్మా,” అన్నాడు.

“ముందు చన్నీళ్లు పెట్టాలయ్యా. వేణ్నీళ్లు తగిలితే నెత్తురు దారాల్లో ఉడికి అతుక్కుపోతుంది, ఇక దేవుడు దిగొచ్చినా పోదు. చన్నీళ్లతో రెండుసార్లు. ఆ నీళ్లు ఎర్రగా పోతాయి, అవి పారబొయ్యాలి. తర్వాత చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లతో ఉతకాలి. తర్వాత మందు నీళ్లు. ఆ మందు ఒంటికి తగిలితే పసిబిడ్డల చర్మం ఊడొస్తుంది. అందుకని మళ్లీ మూడుసార్లు జాడించాలి. ఒక్కసారి తగ్గించానంటే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుతుంది. నీళ్లు మిగిల్చి మీ దగ్గర మంచిదాన్ననిపించుకోమంటారా, జాడించమంటారా?”

ఎత్తు బల్ల వైపు ఒక అడుగు వేసింది. “నా మాట నమ్మొద్దు. నోటీసు రాసినాయన్ని ఒక్కరోజు పంపండి. మీటరు ఆయన చేతికే ఇస్తాను.”

రాసుకుంటున్న సభ్యురాలు తలెత్తింది. “ఈ పదిహేను లీటర్లన్న లెక్క ఎక్కడ కట్టారండీ?” అని శాఖ లాయర్ని అడిగింది. ఆయన ఫైలు తిరగేశాడు. మామూలు ఇళ్ల బట్టలు, హోటల్ తువాళ్లు ఉతికే లాండ్రీల్లో కట్టారని చెప్పక తప్పలేదు.

పది రోజుల్లో తనిఖీ జరగాలని ఉత్తర్వు వచ్చింది.

* * *

నోటీసిచ్చిన అధికారి తెల్లారి ఏడింటికల్లా వచ్చాడు. బక్కపల్చటి మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో ప్యాడు. తనతో ఒక గుమాస్తాని తెచ్చుకున్నాడు. మీటరు అంకెలు రాసుకుని, దాని మూతకి సీలు వేయించాడు.

గంజమ్మ పెరట్లోకి వెళ్లేసరికి ఆమె భర్త నీళ్ల తొట్టి వెనక వంగి ఏదో చేస్తున్నాడు. గోడవార కుళాయి సన్నగా, చప్పుడు లేకుండా కారుతోంది.

“ఏంటది?”

“ఊరికే. ఓ నాలుగు తొట్లు ఎక్కువైతే మనకే మంచిది కదా అని...”

“కట్టెయ్యండి.”

“ఎవరికి తెలుస్తుందే?”

“నాకు తెలుస్తుంది. మీ పళ్లతో సరిపెట్టుకున్నాం, ఇంకొకటి వద్దు. కట్టెయ్యండి!”

ఆయన కట్టేశాడు. అంతటితో వదల్లేదామె. లోపలికెళ్లి అధికారిని పిలుచుకొచ్చి, పెరటి కుళాయిలు రెండూ చూపించి, వాటికీ సీలు వెయ్యమంది. అధికారి ఆమెని ఓసారి ఎగాదిగా చూసి గుమాస్తాకి సైగ చేశాడు.

వ్యానులోంచి దించిన మూటల్లో ఏవి తూకానికి పెట్టాలో ఎంచుకోమని ఆయనకే వదిలేసింది. ఆయన తెలివిగా, చూడ్డానికి శుభ్రంగా ఉన్న తెల్ల సంచులు ఎంచుకున్నాడు. పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తెల్ల సంచులు పురిటి గదివి.

మూట విప్పగానే అధికారి రెండడుగులు వెనక్కి వేశాడు. గుమాస్తా అయితే ఏకంగా వీధిలోకే వెళ్లిపోయాడు. పెద్దావిడ చేతి తొడుగులతో ఒక్కో గుడ్డా విడదీస్తూ, ఎక్కడైనా సూదో కత్తెరో ఉండిపోయిందేమోనని తడుముతూ, ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. “ఇది కవల పిల్లలదయ్యా, చూడు ఎంత తడిసిందో. ఇదిగో, ఈ తల్లి చాలా కష్టపడింది పాపం.” అధికారి ముక్కుకి రుమాలు కట్టుకుని ప్యాడు మీద ఏదో రాశాడు. కానీ వెళ్లిపోలేదు. ఆ సంగతి గంజమ్మ గమనించింది.

మొదటి చన్నీళ్లు ఎర్రగా కాలవలో పడ్డాయి. రెండోసారి గులాబి రంగులో పడ్డాయి. అధికారి మిషన్ గాజు మూత ముందు వంగి చూశాడు. “ఇక చాలు కదా?” అన్నాడు.

“మీ ఇష్టం సార్. చాలంటే ఆపేస్తాను. ఈ దుప్పటి మీద మీ అమ్మాయిని పడుకోబెడతారా?”

ఆయన మూత ముందు నుంచి లేచి పక్కకి జరిగాడు. మిషన్ ఆగలేదు.

మధ్యాహ్నం భోజనానికి బయటికి వెళ్లొస్తానన్నాడు గానీ, వెళ్లినవాడు టీ మాత్రమే తాగి వచ్చాడు. సాయంత్రం అయిదింటికి ఆరిన బట్టలన్నీ మళ్లీ తూచి, మీటరు సీలు తీసి, అంకెలు రాసి, తన చేత్తోనే భాగించాడు. కిలోకి ముప్ఫై ఎనిమిది లీటర్ల చిల్లర. నోటీసులోని మూడేళ్ల నీళ్లని ఆసుపత్రి తూకంతో భాగిస్తే ముప్ఫై తొమ్మిది. లాయరమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. ఫంక్షన్ హాలు గుడ్డల తూకం కాగితం ఆయన ముందుకి జరిపింది. ఆ కాస్త తేడా కూడా అందులో సరిపోయింది. ఆ గుడ్డల సంగతి దాచి ఉంటే ఆ తేడాకి జవాబు ఉండేది కాదు.

అధికారి ఆ లెక్క మరోసారి కట్టి చూసుకున్నాడు. తర్వాత, గంజమ్మకి మాత్రమే వినపడేలా అన్నాడు. “ఈ పదిహేను లీటర్ల సూత్రం నేను కట్టింది కాదమ్మా. పై నుంచి వచ్చింది. లాండ్రీలన్నిటికీ అదే.”

“నోటీసు మీద సంతకం మీదే కదా సార్,” అంది గంజమ్మ.

ఆయన తల వంచుకుని తనిఖీ రిపోర్టు మీద సంతకం చేశాడు. అంకెల్లో ఒక్కటి కూడా మార్చలేదు.

* * *

ట్రిబ్యునల్ తీర్పు పదకొండు పేజీలు. ఫంక్షన్ హాలు పనికి పన్నూ జరిమానా కట్టాలి. మిగతా డిమాండంతా రద్దు. ఖాతా విడిచిపెట్టాలి, కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వాలి. గేటు రిజిస్టర్లు చూడకుండా నోటీసివ్వడం, ఖాతా స్తంభింపజేయడం అన్యాయమని, నష్టపరిహారం కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చని చివరి పేజీలో రాశారు. గంజమ్మ తమ వంతు జరిమానా ఆ సాయంత్రమే కట్టి, రసీదు తెచ్చి భర్త చేతిలో పెట్టింది. “మీ పళ్లు ఇప్పుడు మీ సొంతం,” అంది. ఆయన నవ్వడానికి ఓ క్షణం పట్టింది.

తర్వాతి వారం బావ వచ్చాడు. ఏడాది తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, కూర్చోమన్నదాకా కూర్చోలేదు.

“ఆఫీసువాళ్లు నన్ను నీకొక మాట చెప్పమన్నారు. నువ్వు నష్టపరిహారం అడగనని ఓ ఉత్తరం రాసిస్తే, వాళ్లు పై కోర్టుకి వెళ్లరు. లేకపోతే వెళ్తారు. ఇంకో రెండు మూడేళ్లు తిరగాలి అమ్మాయ్.”

“ఇద్దరు పనివాళ్లు పోయారు. రెండు నర్సింగ్ హోములు పోయాయి. మిషన్ పోయింది. ఏడాది పాటు మా అక్క నాతో మాట్లాడలేదు. ఇవేవీ జరగలేదని రాసివ్వాలా?”

“వాళ్లు చెప్పమన్నది చెప్పాను. అంతే.”

“నువ్వేమంటావు బావా? వాళ్ల మాట కాదు, నీ మాట చెప్పు.”

ఆయన దుప్పట్ల దొంతరని పక్కకి జరిపాడు. తర్వాత సంచీలోంచి ఒక ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. “అద్దకం పనివాడిది. నా నలభై ఫైళ్లలో ఒకటి. వాడికీ నీళ్ల లెక్క మీదే నోటీసొచ్చింది. ఒప్పుకుని సంతకం పెట్టెయ్యమని నిన్న చెప్పబోయాను. నోరు రాలేదు.” గొంతు తగ్గించాడు. “ఆ లాయరమ్మ నాలాంటివాణ్ని లోపలికి రానిస్తుందంటావా?”

“మెట్లు నిటారుగా ఉంటాయి. చూసుకుని ఎక్కు,” అంది గంజమ్మ, వ్యాను తియ్యమని భర్తని కేకేసి.

ఉత్తరం రాయలేదు. నష్టపరిహారం కోరుతూ అర్జీ పెట్టింది. వాళ్లు అన్నంత పనీ చేసి పై కోర్టుకి వెళ్లారు. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదా ఉన్న ప్రతిసారీ గంజమ్మ పొద్దుటి మూటల పని ముగించుకుని, తడి చేతులు తుడుచుకుని, కోర్టుకి వెళ్లి ముందు వరసలో కూర్చుంటుంది.